ల్యాప్‌టాప్‌లో 58 టెస్టులు, సర్వర్‌లో 41. రెండు చోట్లా ‘ఓకే’. మిగతా 17 ఏవైపోయాయి?

#1 పలాస_పప్పు
జీడిపప్పు గ్రేడింగు, తేమ, బిల్లు లెక్కలు చేసే చిన్న పైథాన్ ప్రాజెక్టు. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల వాళ్లు వాడుతున్నారు. టెస్టులన్నీ (కోడు సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న పరీక్షలు) పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ అనే పరికరంలో ఉన్నాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిపితే ‘రాన్ 58 టెస్ట్స్, ఓకే’ అంటోంది. అదే కోడు గిట్‌లోకి (కోడు మార్పుల చరిత్ర దాచేది) పుష్ చేశాక, ప్రతి పుష్‌కీ టెస్టుల్ని తనంతట తానే నడిపే లైనక్స్ సీఐ సర్వర్‌లో ‘రాన్ 41 టెస్ట్స్, ఓకే’. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండూ పచ్చగానే ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ ఆ అంకె వైపు చూడలేదు.

కమాండ్ రెండు చోట్లా ఇదే (ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా):

పైథాన్ -ఎం యూనిట్‌టెస్ట్ డిస్కవర్ టెస్ట్స్

ఫోల్డరు ఇలా ఉంది:

టెస్ట్స్/
— __ఇనిట్__.పై
— టెస్ట్_గ్రేడ్.పై
— టెస్ట్_మాయిశ్చర్.పై
— టెస్ట్_స్టాక్.పై
— టెస్ట్-బిల్.పై
— రిపోర్ట్స్/__ఇనిట్__.పై
— రిపోర్ట్స్/టెస్ట్_డైలీ.పై

ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.12, సర్వర్‌లో 3.10. వెర్షను తేడా వల్లనేనా?

#2 టెక్కలి_పైథాన్
వెర్షను వల్ల 17 టెస్టులు మాయం కావు. అంకెలు పక్కన పెట్టి పేర్లు పోల్చండి. యూనిట్‌టెస్ట్‌లో ‘నడపకుండా జాబితా మాత్రం ఇయ్యి’ అనే ఆప్షన్ లేదు. చిన్న స్క్రిప్టు రాసుకోవాలి:

1. యూనిట్‌టెస్ట్‌లోని డిఫాల్ట్‌టెస్ట్‌లోడర్ తీసుకుని, టెస్టుల్ని వెతికే దాని డిస్కవర్ ఫంక్షన్‌కి ‘టెస్ట్స్’ ఫోల్డరు ఇవ్వండి. తిరిగొచ్చేది ఒక సూట్, అంటే టెస్టుల కట్ట.
2. సూట్ లోపల సూట్లు ఉంటాయి. మాడ్యూలుకొకటి, దాంట్లో క్లాసుకొకటి. అందుకే తనని తానే పిలుచుకునే ఫంక్షన్ రాసి అడుగుదాకా దిగండి.
3. అడుగున దొరికిన ప్రతి టెస్టుకీ ఐడీ() ప్రింట్ చేయండి.
4. జాబితాని సార్ట్ చేసి ఫైల్లో పెట్టండి. ల్యాప్‌టాప్‌ది ఒకటి, సర్వర్‌ది ఒకటి. తర్వాత డిఫ్ (రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపే కమాండు).

పది లైన్లు దాటదు.

#3 కోట_జంక్షన్
స్క్రిప్టు ఎందుకన్నా, -వి (వివరంగా చూపించు) పెట్టి నడిపితే పేర్లన్నీ వచ్చేస్తాయి కదా. ఫైల్లోకి మళ్లించుకుంటే సరి.

#4 టెక్కలి_పైథాన్
@కోట_జంక్షన్ రెండు ఇబ్బందులున్నాయి. యూనిట్‌టెస్ట్ తన మాటలన్నీ ఎర్రర్లకి విడిగా ఉన్న దారి అయిన ఎస్‌టీడీ‌ఎర్ర్‌లో రాస్తుంది, ఎస్‌టీడీ‌అవుట్‌లో కాదు. మామూలు > గుర్తుతో మళ్లిస్తే ఖాళీ ఫైలు వస్తుంది, 2> పెట్టాలి. రెండోది, 3.11 నుంచి -వి ఇచ్చే లైను రూపం మారింది. ముందు బ్రాకెట్లో క్లాసు దాకానే ఉండేది, ఇప్పుడు మెథడు పేరు కూడా కలిసి వస్తుంది. ఈయన దగ్గర ఒక పక్క 3.10, ఇంకో పక్క 3.12. డిఫ్ పెడితే ప్రతి లైనూ తేడాగానే కనబడుతుంది. ఐడీ() రెండు వెర్షన్లలోనూ ఒకేలా వస్తుంది.

#5 పలాస_పప్పు
స్క్రిప్టు రెండు చోట్లా నడిపాను. సర్వర్లో లేనివి ఇవీ:
— టెస్ట్_మాయిశ్చర్‌లోని 12, మొత్తం ఫైలుకి ఫైలే లేదు
— రిపోర్ట్స్ ఫోల్డర్లోని టెస్ట్_డైలీలో ఉన్న 5
12, 5 కలిపితే 17. లెక్క కుదిరింది. కానీ ఫైళ్లు రెండూ సర్వర్లో ఉన్నాయి, ఎల్ఎస్ కొట్టి చూశాను.

#6 నాగావళి_గట్టు
మాయిశ్చర్ ఫైలు పేరు ఇంగ్లీషు పెద్ద టీతో (క్యాపిటల్) మొదలవుతోందా, చిన్న టీతోనా? తెలుగులో రాస్తే ఆ తేడా కనబడదు కాబట్టి అడుగుతున్నా.

#7 పలాస_పప్పు
పెద్ద టీ. మాయిశ్చర్‌లో ఎమ్ కూడా పెద్దదే. మిగతా ఫైళ్లన్నీ చిన్న అక్షరాలే.

#8 నాగావళి_గట్టు
సగం అక్కడే పోయింది. డిస్కవర్‌కి మీరు నమూనా ఇవ్వకపోతే ‘టెస్ట్*.పై’ అనుకుంటుంది, చిన్న టీతో. ఫైలు పేరుని ఆ నమూనాతో పోల్చే పని ఎఫ్ఎన్‌మ్యాచ్ అనే పైథాన్ మాడ్యూలు చేస్తుంది. అది పోల్చేముందు రెండు పేర్లనీ ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతికి మారుస్తుంది. విండోస్‌లో అయితే అన్నీ చిన్న అక్షరాలైపోతాయి, కాబట్టి పెద్ద టీ ఫైలూ దొరుకుతుంది. లైనక్స్‌లో ఏ మార్పూ చేయదు, పెద్ద టీ వేరు, చిన్న టీ వేరు. పేరు నమూనాకి సరిపోకపోతే అది టెస్టు ఫైలే కాదనుకుంటుంది తప్ప ఎర్రర్ ఇవ్వదు. దాని దృష్టిలో అది ఇంకో పైథాన్ ఫైలు, అంతే.

#9 రాజాం_రోడ్డు
పెద్ద టీ, చిన్న టీ అంటుంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి టీ కొట్టు గుర్తొచ్చీసింది.

#10 బొబ్బిలి_వీణ
పేరు మార్చేటప్పుడు జాగ్రత్తండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్లో రైట్ క్లిక్ చేసి పెద్ద టీని చిన్న టీ చేస్తే గిట్‌కి ఆ సంగతి తెలీదు. విండోస్‌లో గిట్ మామూలుగా కోర్.ఇగ్నోర్‌కేస్ ట్రూ అని పెట్టుకుంటుంది, అక్షరం సైజు మారితే మార్పు కింద లెక్కపెట్టదు. మీ దగ్గర చిన్నదవుతుంది, సర్వర్లో పెద్దదిగానే ఉండిపోతుంది. గిట్ ఎంవీ కమాండుతోనే మార్చండి, ఆ తర్వాత గిట్ స్టేటస్‌లో ‘రీనేమ్డ్’ అని వచ్చిందో లేదో చూసి కమిట్ చేయండి.

#11 టెక్కలి_పైథాన్
ఇక రిపోర్ట్స్ ఫోల్డరు. యూనిట్‌టెస్ట్ ఒక సబ్‌ఫోల్డర్లోకి దిగాలంటే అందులో __ఇనిట్__.పై (ఈ ఫోల్డరు పైథాన్ ప్యాకేజీ అని చెప్పే ఫైలు) ఉండాలి. లేకపోతే గడప కూడా తొక్కదు, ఎందుకు తొక్కలేదో కూడా చెప్పదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. గిట్‌లో ఉందా? గిట్ ఎల్ఎస్-ఫైల్స్ టెస్ట్స్ అని కొట్టండి. గిట్ చేతిలో ఉన్న ఫైళ్లు మాత్రమే చూపిస్తుంది.

#12 పలాస_పప్పు
లేదు! గిట్ స్టేటస్ --షార్ట్ కొడితే దాని పక్కన రెండు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. టెస్ట్_డైలీ మాత్రం ఎక్కింది.

#13 టెక్కలి_పైథాన్
టెస్ట్_డైలీని పేరు పెట్టి యాడ్ చేసి, ఆ తర్వాతవన్నీ గిట్ కమిట్ -ఏఎం తో పంపి ఉంటారు. -ఏ అనేది గిట్‌కి ముందే తెలిసిన ఫైళ్లలో మార్పులే తీసుకుంటుంది, కొత్త ఫైలుని ముట్టుకోదు. ఖాళీ ఫైలైనా గిట్ మోస్తుంది, ఆ భయం వద్దు. మోయనిది ఖాళీ ఫోల్డరుని. ఎప్పుడైనా యాడ్ చేసినా ఎక్కకపోతే గిట్ చెక్-ఇగ్నోర్ -వి అని ఆ ఫైలు పేరు ఇవ్వండి. ఏ గిట్‌ఇగ్నోర్ ఫైల్లో ఎన్నో లైను అడ్డుకుంటోందో చెప్పేస్తుంది.

#14 కోట_జంక్షన్
ఈ గొడవంతా ఎందుకు, పైటెస్ట్ అనే ఇంకో టెస్టు పరికరానికి మారిపోండి. ఇనిట్ ఫైళ్లు అక్కర్లేదు, యూనిట్‌టెస్ట్ క్లాసుల్ని కూడా అలాగే నడుపుతుంది, కోడు మార్చక్కర్లేదు. --కలెక్ట్-ఓన్లీ -క్యూ అంటే జాబితా కూడా ఇస్తుంది, స్క్రిప్టు గొడవ లేదు.

#15 నాగావళి_గట్టు
@కోట_జంక్షన్ జాబితా సంగతి ఒప్పుకుంటా, అది నిజంగా సుఖం. కానీ ‘గొడవంతా పోతుంది’ అన్నది సరి కాదు. గొడవలు మారతాయి.

పైటెస్ట్ వెతికేది టెస్ట్_*.పై, లేదా *_టెస్ట్.పై. అండర్‌స్కోర్ తప్పనిసరి. యూనిట్‌టెస్ట్‌కి సరిపోయే ‘టెస్ట్స్.పై’ పైటెస్ట్‌కి కనబడదు. బిల్డ్, డిస్ట్, వీఎన్వ్, నోడ్_మాడ్యూల్స్, చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు అది లోపలికి వెళ్లని ఫోల్డర్ల జాబితాలో (నోరికర్స్‌డిర్స్) ముందే ఉన్నాయి. ఎవరైనా ‘బిల్డ్’ అనే ఫోల్డర్లో టెస్టులు పెడితే వాటి సంగతి మరిచిపోవడమే. యూనిట్‌టెస్ట్ టెస్ట్‌కేస్ నుంచి రాని మామూలు క్లాసైతే పేరు టెస్ట్‌తో మొదలవ్వాలి, అందులో __ఇనిట్__ మెథడ్ ఉండకూడదు. ఉంటే వార్నింగ్ ఒకటి పడేసి క్లాసుని వదిలేస్తుంది.

ఇనిట్ ఫైళ్లు అక్కర్లేదన్నది కూడా సగం నిజమే. రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో టెస్ట్_డైలీ.పై ఉండి, ఇనిట్ ఫైళ్లు లేకపోతే ‘ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్’ అని ఆగిపోతుంది. అప్పుడు ఇనిట్ ఫైళ్లైనా పెట్టాలి, --ఇంపోర్ట్-మోడ్=ఇంపోర్ట్‌లిబ్ అయినా ఇవ్వాలి.

#16 కోట_జంక్షన్
ఆ మిస్‌మ్యాచ్‌లో కనీసం ఆగి అరుస్తుంది కదన్నా. యూనిట్‌టెస్ట్ లాగ నోరు మూసుకుని ‘ఓకే’ అనదు. ఒక్క టెస్టూ దొరకకపోతే ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది (0 అంటే సరే, ఇంకేదైనా అయితే సీఐ ఫెయిల్).

#17 టెక్కలి_పైథాన్
యూనిట్‌టెస్ట్ కూడా 3.12 నుంచి ఒక్క టెస్టూ నడవకపోతే, స్కిప్ చేసినవీ లేకపోతే, 5 ఇస్తుంది, ‘నో టెస్ట్స్ రాన్’ అంటుంది. 3.11 దాకా సున్నా టెస్టులకీ ‘ఓకే’, ఎగ్జిట్ కోడ్ 0. సర్వర్ని 3.12కి తీసుకురావడానికి ఇదొక్కటే చాలు కారణం. కానీ ఇక్కడ 41 దొరికాయి. సున్నా అయితేనే అరిచే కాపలా, 17 పోతే అరవదు. పైటెస్ట్ అయినా అంతే.

#18 వంశధార
అందరూ 58, 41 మధ్య తేడా చూస్తున్నారు. ఆ 58 పూర్తి లెక్క అని ఎవరన్నారు? మొదటి పోస్టులో జాబితా మళ్లీ చూడండి. టెస్ట్-బిల్.పై. మధ్యలో హైఫన్. అది రెండు చోట్లా నడవట్లేదు, అందుకే డిఫ్‌లో తేలలేదు.

డిస్కవర్ నమూనా కంటే ముందే ఇంకో జల్లెడ పడుతుంది. ఫైలు పేరు పైథాన్‌లో ఇంపోర్ట్ చేయదగ్గ పేరేనా అని చూస్తుంది. అక్షరం గానీ అండర్‌స్కోర్ గానీ ముందు, తర్వాత అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్లు, చివర డాట్ పై. హైఫన్ పడిందా, ఆ ఫైలు లేనట్టే.

పలాస గారూ, ఇది కొట్టండి: గిట్ గ్రెప్ -సి "డెఫ్ టెస్ట్" -- టెస్ట్స్. టెస్ట్‌తో మొదలయ్యే ఫంక్షన్లు రాసిన లైన్లని వెతికి, ఫైలుకొకటి చొప్పున అంకెలు ఇస్తుంది. విండోస్‌లోనూ ఇదే పనిచేస్తుంది. కూడి చెప్పండి.

#19 పలాస_పప్పు
మేడమ్, కూడితే 71 వచ్చింది. బిల్‌లో 9. అయితే 67 అవ్వాలి కదా, ఇంకో 4 ఎక్కడివి?

#20 వంశధార
గ్రేడ్, స్టాక్ ఫైళ్లలో గ్రెప్ అంకెకీ, జాబితా స్క్రిప్టు ఇచ్చిన అంకెకీ తేడా ఎంతో చూడండి. నా అనుమానం రెండు. ఒకటి, ఒకే క్లాసులో ఒకే పేరుతో రెండు మెథడ్లు. పైథాన్‌లో రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది, ఏ ఫిర్యాదూ చేయదు. పాత టెస్టుని కాపీ చేసి లోపల మార్చి, పైన పేరు మార్చకపోతే జరిగేది ఇదే. రెండు, టెస్ట్‌తో మొదలయ్యే ఫంక్షన్ ఏ టెస్ట్‌కేస్ క్లాసులోనూ లేకుండా బయట ఉండటం.

మొదటిదాన్ని కళ్లతో వెతకొద్దు. కోడుని నడపకుండానే తప్పులు వెతికే రఫ్ గానీ ఫ్లేక్8 గానీ పెట్టి ఎఫ్811 నియమం ఒక్కటే నడపండి. వాడకుండానే మళ్లీ అదే పేరుతో రాసిన ప్రతిదాన్నీ లైను నంబరుతో చూపిస్తుంది.

#21 పలాస_పప్పు
అచ్చంగా అదే. ఎఫ్811 మూడు చూపించింది, మూడూ గ్రేడ్ ఫైల్లోవే. నాలుగోది స్టాక్‌లో టెస్ట్_డేటా(గ్రేడ్) అనే బయటి ఫంక్షను, అది టెస్టు కాదు, సరుకు తయారుచేసి ఇచ్చే సహాయక ఫంక్షను. 9, 3, 1 కలిపితే 13. 58కి 13 కలిపితే 71. పైసాతో సహా కుదిరింది.

#22 నాగావళి_గట్టు
ఆ టెస్ట్_డేటా పేరు ఇప్పుడే మార్చేయండి, మేక్_డేటా అనో ఏదో. రేపు పైటెస్ట్‌కి వెళ్తే దాన్ని టెస్టే అనుకుంటుంది. గ్రేడ్ అనే ఫిక్స్చర్ (టెస్టుకి ముందే సిద్ధం చేసి ఇచ్చేది) దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది.

#23 గరివిడి_జావా
జావాలోనూ ఇదే తంతు కాబట్టి రాస్తున్నా. జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ చూసేది నాలుగు రకాల పేర్లే: టెస్ట్‌తో మొదలయ్యేవి, టెస్ట్‌తో ముగిసేవి, టెస్ట్స్‌తో ముగిసేవి, టెస్ట్‌కేస్‌తో ముగిసేవి. ‘బిల్‌చెక్’ అని క్లాసుకి పేరు పెడితే లోపల ఎన్ని టెస్టులున్నా నడవవు. ఐటీతో ముగిస్తే అది ఫెయిల్‌సేఫ్ ప్లగిన్ వాటా, ష్యూర్‌ఫైర్ పట్టించుకోదు.

ఇంతకంటే ఎక్కువమందిని ముంచేది జావా టెస్టు పరికరం జేయూనిట్ 5. దానికి ష్యూర్‌ఫైర్ 2.22.0 గానీ ఆపైది గానీ కావాలి. మేవెన్ సెట్టింగులుండే పామ్ ఫైల్లో వెర్షను రాయకుండా వదిలేస్తే పాత మేవెన్ 3 విడుదలలు 2.12.4 తెచ్చుకుంటాయి. బిల్డ్ సక్సెస్, టెస్టులు సున్నా. మేవెన్ బదులు వాడే గ్రేడిల్‌లో అయితే యూజ్‌జేయూనిట్‌ప్లాట్‌ఫామ్ లైను రాయాలి. ఇంకొకటి, ఐడీఈ (కోడు రాసుకునే ఎడిటర్) తొందరలో జేయూనిట్ 4 టెస్ట్ అనొటేషన్‌ని ఇంపోర్ట్ చేసి పెడుతుంది. జేయూనిట్ 5 టెస్టులు నడిపే జూపిటర్ ఇంజను దాన్ని టెస్టుగా గుర్తించదు, పాతవాటి కోసమున్న వింటేజ్ ఇంజను ఉంటేనే నడుస్తుంది. కంపైల్ మాత్రం చక్కగా అవుతుంది.

#24 రాజాం_రోడ్డు
గో భాషలో ఫైలు _టెస్ట్.గో తో ముగియాలి, ఫంక్షను టెస్ట్ తర్వాత అక్షరం చిన్నది కాకూడదు. టెస్ట్ పక్కనే చిన్న బి పెట్టి బిల్ అని రాస్తే అది టెస్టు కాదు. గోతో పాటు వచ్చే తనిఖీ కమాండు గో వెట్ ‘మాల్‌ఫార్మ్డ్ నేమ్’ అని చెప్తుంది, అదొక్కటి నయం.

#25 పలాస_పప్పు
ఈ సాయంత్రం పుష్ చేసినవి: మాయిశ్చర్ పేరు గిట్ ఎంవీతో, రిపోర్ట్స్ ఇనిట్ ఫైలు. బిల్, గ్రేడ్ ఇంకా ముట్టుకోలేదు, ఒక్కొక్కటీ విడిగా పంపుదామని. సర్వర్లో 58 రావాలి. 54 వచ్చింది, ఒక ఎర్రర్! ‘యూనిట్‌టెస్ట్.లోడర్._ఫెయిల్డ్‌టెస్ట్’ అని, కింద ‘ఇంపోర్ట్‌ఎర్రర్: ఫెయిల్డ్ టు ఇంపోర్ట్ టెస్ట్ మాడ్యూల్’ అని వస్తోంది. 4 టెస్టులు మళ్లీ ఏటైపోనాయండీ?

#26 టెక్కలి_పైథాన్
ఇది మంచి ఎర్రరే, కనీసం మాట్లాడుతోంది. డిస్కవర్ అంటే ఫైళ్లని చూడటం కాదు, ప్రతి ఫైలునీ నిజంగా ఇంపోర్ట్ చేస్తుంది. పై నుంచి కింది దాకా, క్లాసుల బయట రాసిన ప్రతి లైనూ అప్పుడే నడుస్తుంది. ఇంపోర్ట్ మధ్యలో ఏదైనా విరిగితే ఆ ఫైల్లో ఎన్ని టెస్టులున్నాయో దానికి తెలీదు, మొత్తం ఫైలుకి బదులు _ఫెయిల్డ్‌టెస్ట్ అనే ఒక్క డమ్మీ టెస్టు పెడుతుంది. డైలీలో 5 ఉండాల్సిన చోట 1 వచ్చింది. 41, 12, 1, మొత్తం 54. ఆ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే లైన్లు) చివరి లైను ఏంటి?

#27 పలాస_పప్పు
డేటాబేస్ కనెక్షన్ రెఫ్యూజ్డ్. టెస్ట్_డైలీ పైభాగంలోనే, ఇంపోర్టుల కింద, కనెక్షన్ తెరిచి ఉంది. ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ ఉంది, సర్వర్లో లేదు.

#28 బొబ్బిలి_వీణ
దాన్ని సెటప్‌క్లాస్‌లోకి దింపండి, మూసేది టియర్‌డౌన్‌క్లాస్‌లో. అప్పుడు లోడ్ అయ్యేటప్పుడు కనెక్షన్ తెరవదు, ఆ క్లాసు వంతు వచ్చినప్పుడే తెరుస్తుంది. రోజువారీ రిపోర్టుల టెస్టులకి నిజం డేటాబేసు అవసరమా? పైథాన్‌తోనే వచ్చే చిన్న డేటాబేసు ఎస్‌క్యూలైట్‌ని ‘:మెమరీ:’ అని తెరిచి, మూడు నాలుగు వరుసలు వేసి పరీక్షిస్తే సర్వర్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

డేటాబేస్ లేకపోతే స్కిప్ చేసేద్దాం అని మాత్రం అనుకోవద్దు. స్కిప్ అయినా చివర ‘ఓకే’ అనే అంటుంది, పక్కన బ్రాకెట్లో స్కిప్డ్=5 అని చిన్నగా రాస్తుంది. మళ్లీ మొదటికొస్తాం.

#29 అరసవల్లి_ఎండ
మధ్యలో ఒక సందేహం. నెమ్మదిగా నడిచే టెస్టుల్ని వేరు చేయడానికి లోడ్_టెస్ట్స్ అనే ఫంక్షను ఇనిట్ ఫైల్లో రాయొచ్చని విన్నాను. వాడొచ్చా?

#30 వంశధార
వాడొచ్చు, కానీ దాని అర్థం తెలిసి వాడాలి తమ్ముడూ. ప్యాకేజీ ఇనిట్ ఫైల్లో లోడ్_టెస్ట్స్ కనబడగానే డిస్కవర్ ఆ ఫోల్డర్లో తన వెతుకులాట ఆపేస్తుంది. లోపలి ఫైళ్లు, సబ్‌ఫోల్డర్లు అన్నిటి బాధ్యతా నీ ఫంక్షనుదే. అది ఇచ్చిన సూటే సూటు. నువ్వు లోపల మళ్లీ లోడర్.డిస్కవర్ పిలవకపోతే రేపు కొత్తగా చేరిన ఫైళ్లు ఎవరికీ కనబడవు. నెమ్మది టెస్టులకైతే స్లో అని వేరే ఫోల్డరు పెట్టి -ఎస్ తో దాన్నే నడుపుకో. ఒకటి రెండు టెస్టులే కావాలంటే -కె ఉంది, 3.7 నుంచి. పేరులో ముక్క ఇస్తే చాలు.

#31 అరసవల్లి_ఎండ
ఫోల్డరే పెడతానక్కా.

#32 కోట_జంక్షన్
అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రేపు మళ్లీ ఎవరో పెద్ద టీతో ఫైలు పెడతారు. కాపలా ఏంటి? నా మాట: సీఐలో లోడర్ ఇచ్చిన సూట్ మీద కౌంట్‌టెస్ట్‌కేసెస్() పిలిచి, 70 కంటే తక్కువైతే ఫెయిల్ చేయడం.

#33 నాగావళి_గట్టు
అంకెతో కాపలా బలహీనం. ఐదు పోయి, కొత్తవి ఐదు చేరితే అంకె అదే ఉంటుంది. పేర్ల జాబితానే రిపోలో పెట్టి, సీఐలో పోల్చాలి.

#34 కోట_జంక్షన్
ప్రతి కొత్త టెస్టుకీ జాబితా ఫైలు కూడా మార్చాలంటే వారంలో విసుగొచ్చి తీసేస్తారన్నా. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే మెర్జ్ కాన్‌ఫ్లిక్టులు కూడా.

#35 వంశధార
రెండూ వద్దు. టెస్టు ఫైళ్ల మీద చూపు పెట్టండి. ‘డెఫ్ టెస్ట్’ ఉన్న ప్రతి ఫైలూ డిస్కవర్ చేసిన మాడ్యూళ్లలో ఉందా అన్నదే ప్రశ్న. గిట్ గ్రెప్ -ఎల్ ఇచ్చే ఫైళ్లు ఒక పక్క, సూట్‌లోని టెస్టుల మాడ్యూలు పేర్లు ఇంకో పక్క. మొదటి పక్క ఉండి రెండో పక్క లేనిది ఒక్కటున్నా ఎర్రర్. చేత్తో రాసే జాబితా ఏదీ ఉండదు, విసుగూ ఉండదు. పెద్ద టీ, హైఫన్, ఇనిట్ లేని ఫోల్డరు, మూడూ ఇక్కడే దొరికిపోతాయి. ఒకే పేరు మెథడ్లని ఎఫ్811 పట్టుకుంటుంది. దాంతో పాటు లోడర్.ఎర్రర్స్ ఖాళీగా ఉందో లేదో కూడా చూడండి, ఇంపోర్ట్ విరిగినవి అందులో ఉంటాయి.

గ్రెప్ మొత్తం, నడిచిన మొత్తం సమానంగా ఉండాలని మాత్రం పట్టుబట్టొద్దు. బేస్ క్లాసులో రాసిన టెస్టు ఎన్ని క్లాసులకి వారసత్వంగా వెళ్తే అన్నిసార్లు లెక్కకొస్తుంది, గ్రెప్‌కి ఒకటే.

#36 నాగావళి_గట్టు
ఇది బావుంది. నా జాబితా మాట వెనక్కి తీసుకుంటున్నా. బేస్ క్లాసు అన్నారు కాబట్టి ఇంకొకటి. ‘ఫ్రమ్ కామన్ ఇంపోర్ట్ బేస్‌టెస్ట్’ అని రాస్తే ఆ పేరు ఈ మాడ్యూల్లోకి కూడా వస్తుంది, లోడర్ దాన్ని ఇక్కడి టెస్ట్‌కేస్ అనుకుని బేస్‌లోని టెస్టుల్ని ప్రతి ఫైల్లోనూ మళ్లీ నడుపుతుంది. ‘ఇంపోర్ట్ కామన్’ అని రాసి కామన్.బేస్‌టెస్ట్ అని వాడితే ఆ తిప్పలు ఉండవు.

#37 టెక్కలి_పైథాన్
నడిచినట్టే నటించే రకం ఒకటుంది, అదీ చెప్పాలి. మామూలు టెస్ట్‌కేస్‌లో ‘అసింక్ డెఫ్ టెస్ట్_...’ అని రాస్తే లోడర్ తీసుకుంటుంది, లెక్కలోకీ వస్తుంది, కానీ లోపలి లైను ఒక్కటీ నడవదు. కొరూటీన్ (ఇంకా మొదలవని పని) తయారవుతుంది, ఎవరూ అవెయిట్ చేయరు, టెస్టు పాస్. ‘నెవర్ అవెయిటెడ్’ అని వార్నింగ్ ఒకటి వస్తుంది, లాగ్‌లో ఎక్కడో. అలాంటివాటికి ఐసొలేటెడ్‌అసింక్‌ఐఓటెస్ట్‌కేస్ వాడాలి, 3.8 నుంచి ఉంది.

#38 అరసవల్లి_ఎండ
జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మేనేజ్.పై టెస్ట్ కొడితే ‘టెస్ట్స్ మాడ్యూల్ ఇన్‌కరెక్ట్లీ ఇంపోర్టెడ్’ అని వస్తుంది ఒక్కోసారి. అదీ ఈ కోవలోదేనా?

#39 టెక్కలి_పైథాన్
అవును. స్టార్ట్‌యాప్ కొట్టగానే యాప్‌లో టెస్ట్స్.పై అనే ఫైలు వస్తుంది. తర్వాత టెస్ట్స్ అనే ఫోల్డరు చేసి, ఆ ఫైలు తీయకుండా వదిలేస్తే ఒకే పేరుకి ఇద్దరు హక్కుదార్లు. ఆ ఫైలు తీసేయి.

#40 పలాస_పప్పు
అన్నీ చేశాను. బిల్ ఫైలుకి హైఫన్ తీసి అండర్‌స్కోర్, గ్రేడ్‌లో మూడు మెథడ్లకి వేరు పేర్లు, డైలీకి మెమరీలో ఎస్‌క్యూలైట్. సర్వర్ కూడా 3.12. రెండు చోట్లా ‘రాన్ 70 టెస్ట్స్’. ఓకే కాదు. ఫెయిల్యూర్స్=2.

మొదటిది గ్రేడ్‌లో. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు. సరిగ్గా 320 వస్తే ఆ గ్రేడే ఇవ్వాలని టెస్టు. కోడులో ‘320 కంటే తక్కువ’ అని ఉంది, ‘తక్కువ లేదా సమానం’ అని లేదు. ఈ టెస్టుని కింద అదే పేరుతో ఉన్న ఇంకోటి కప్పేసింది, అది 310 పప్పులకి మాత్రమే చూస్తోంది.

రెండోది బిల్‌లో. 12.50 రూపాయల్ని 13 చేయాలి, 12 వస్తోంది.

బస్తా మీద గ్రేడు రాసి ఉంటే చాలదు, విప్పి గుప్పెడు తీసి లెక్కపెట్టాలి అంటారు మా దగ్గర కొనేవాళ్లు. ‘ఓకే’ అన్నదానికీ అంతే.

#41 బొబ్బిలి_వీణ
బిల్‌ది తెలిసిన జబ్బే. పైథాన్ రౌండ్() సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరి సరి సంఖ్యకి వెళ్తుంది. రౌండ్(12.5) 12, రౌండ్(13.5) 14. డబ్బు లెక్కలకి డెసిమల్ మాడ్యూలు తీసుకుని, క్వాంటైజ్‌కి రౌండ్_హాఫ్_అప్ ఇవ్వండి. డెసిమల్‌ని ఫ్లోట్ నుంచి తయారుచేయొద్దు, స్ట్రింగ్ నుంచి చేయండి. లేకపోతే 0.1ని ఫ్లోట్ కచ్చితంగా దాచలేక మోసే చిన్న తోక కూడా వెంట వస్తుంది.

#42 టెక్కలి_పైథాన్
సీఐలో కమాండు కూడా మార్చండి. మీరు ఫోల్డరు ఒక్కటే ఇస్తున్నారు, అప్పుడు టెస్ట్స్ ఫోల్డరే అన్నిటికీ పైది అనుకుంటుంది. ఎవరైనా రిపోర్ట్స్‌లోని టెస్టులో రెండు చుక్కల ఇంపోర్ట్ రాసి పైనున్న టెస్ట్స్ ఫోల్డర్లోకి వెళ్లాలని చూస్తే విరుగుతుంది. -ఎస్ టెస్ట్స్ -టి . అని ఇవ్వండి. -ఎస్ అంటే వెతకడం మొదలుపెట్టే ఫోల్డరు, -టి అంటే అన్నిటికీ పై ఫోల్డరు. -టి ఇస్తే టెస్ట్స్‌లో __ఇనిట్__.పై ఉండి తీరాలి, మీకుంది. ఐడీలు ఇక ‘టెస్ట్స్.’తో మొదలవుతాయి, ఆ ఫైలు పోలిక స్క్రిప్టులోనూ అదే -టి విలువ వాడండి.

-పి తో నమూనా ఇస్తే కోట్స్ మర్చిపోవద్దు. లైనక్స్‌లో కోట్స్ లేకపోతే షెల్ ముందే ఆ నక్షత్రాన్ని విప్పేస్తుంది, రూట్‌లో టెస్ట్_ తో ఏదైనా ఫైలుంటే దాని పేరే నమూనా అయిపోతుంది. కోట్స్ డబులే పెట్టండి. విండోస్ సీఎండీ సింగిల్ కోట్స్‌ని నమూనాలో భాగంగా పంపేస్తుంది, అప్పుడు ఏ ఫైలూ సరిపోదు.

#43 పలాస_పప్పు
ఇప్పుడు సీఐలో వరుస ఇది: ముందు రఫ్ ఎఫ్811, తర్వాత వంశధార మేడమ్ చెప్పిన ఫైళ్ల పోలిక, ఆ తర్వాత పైథాన్ -ఎం యూనిట్‌టెస్ట్ డిస్కవర్ -ఎస్ టెస్ట్స్ -టి . పరీక్షకి ఒక ఫైలుకి కావాలనే పెద్ద టీ పెట్టి వేరే బ్రాంచిలో పంపాను, రెండో మెట్టులోనే ఆ ఫైలు పేరు చెప్పి ఆపేసింది. 320 దగ్గర గుర్తు సరిచేశాను, బిల్‌కి డెసిమల్ పెట్టాను. 70కి 70 పాస్. ఇక పాత బిల్లుల్లో 50 పైసల దగ్గర తేడా పడ్డవి ఎన్నున్నాయో తీసి, రేపు ఫ్యాక్టరీల వాళ్లకి జాబితా ఇవ్వాలి.

#44 వంశధార
అదే చేత్తో సరిగ్గా 320 పప్పులు పడ్డ లాట్లు కూడా తీయండి. అక్కడ పోయింది అర్ధరూపాయి కాదు, గ్రేడే మారిపోయింది.